నక్షాలో తలుపు

కార్ఖానా మంటల్లో పోయిన పెంటప్ప మూడోనాటి పిండాన్ని కాకి ముట్టి గంట కూడా కాలేదు. ఆ కార్ఖానా యజమాని అంబాదాస్ సేటు దాజీ పేట్‌లో తన దగ్గర నేసే నర్సప్ప ఇంటికొచ్చి, కడుపులో చల్ల కదలకుండా కూర్చున్నాడు. నర్సప్ప భార్య యమునాబాయి బీడీల చేట పక్కకు జరిపి ఆయనకు చోటిచ్చింది. సేటు తెచ్చిన ట్రేసింగ్ కాగితం చుట్ట ఆమె కూతురు చంద్రభాగ ముందు పడింది.

"కార్ఖానా నక్షా మంటల్ల పోయింది బేటా. పాత తారీఖు ఏసి ఇంకోటి గీయి. లేబర్ ఆఫీసోళ్లు అడుగుతున్నరు. వెనుక గోడకు దర్వాజా మర్చిపోకు."

చంద్రభాగ పదో తరగతి. టెక్నికల్ హైస్కూల్లో ఇంజినీరింగ్ డ్రాయింగ్ తీసుకున్న ఒకే ఒక్క ఆడపిల్ల. కాలిపోయిన నక్షా కూడా ఆమె చేతిదే. మూడు రోజులుగా ఆ పిల్లకు ముద్ద దిగడం లేదు.

నాలుగు నెలల కిందట కార్ఖానాకు రెండో తలుపు పెట్టి నక్షా చూపమని సర్కారు నోటీసు వచ్చింది. ఇంజినీరు ఐదు వందలడిగాడు. "మన నర్సప్ప బిడ్డ ఉండంగ ఇంజినీరెందుకు?" అన్నాడు సేటు. పిల్ల టేపు పట్టుకొని, ఆడుతున్న సాంచా మగ్గాల మధ్య దూరి, అంగుళం వదలకుండా కొలిచింది. వెనుక గోడ నిండు గోడ. సేటు అక్కడ తలుపు గీయమన్నాడు.

"లేనిది గీయొద్దు, కట్టబోయేది చుక్కల గీతతోటి చూపాలని మా సార్ చెప్పిండు నాయినా," అంది తండ్రితో.

నర్సప్ప ముప్పై ఏళ్లుగా జకార్డ్ చద్దర్లు నేసే మనిషి. గళ్ల కాగితం మీద నెమలి గీస్తే ఆ గళ్ల ప్రకారం మగ్గం అట్టలకు చిల్లులు పడతాయి, ఆ చిల్లుల ప్రకారం చద్దర్ మీద నెమలి దిగుతుంది. గీసింది దిగకపోవడమనేది ఆయన ఎరగడు.

"గీయి బిడ్డా. కాగితం మీద పడ్డంక సేటు పెట్టకుంట ఎట్లుంటడు? నలభై మందిమి ఒక్క దర్వాజల పడి చస్తున్నం."

పాపం, ఆ తలుపు అందరికంటే ఆయనకే ఎక్కువ కావాలి. పిల్ల నిండు గీతతో, నల్ల సిరాతో గీసింది. సర్కారు ముద్ర పడింది. సేటు మెచ్చుకొని జామెట్రీ పెట్టె కొనిచ్చాడు. తలుపు మాత్రం కాగితం దాటి రాలేదు.

మొన్న మధ్యాహ్నం ముందు తలుపు దగ్గరి నూలు బేళ్లు అంటుకున్నాయి. కాళ్లలో సత్తువ ఉన్నవాళ్లు మంట మీంచి దూకారు. నర్సప్ప పక్క సాంచా నడిపే పెంటప్పకు అరవై దాటాయి. ఆయన వెనక్కి పరిగెత్తాడు. గోడకు ఆనుకొని దొరికాడు, చేతులకు గోళ్లు లేవు.

చచ్చినవాడి కళ్లు చారెడంటారు. సేటు నోట మాత్రం పెంటప్ప చచ్చాక తాగుబోతయ్యాడు.

"దర్వాజా ఉండె. తాగి ఉండె గనక ఆనికి దొరకలే. గంతే."

పెంటప్ప ఏటా పండరి యాత్రకు నడిచిపోయే, మెడలో తులసిమాల ఉన్న మాలధారి. చుక్క ముట్టి ఎరగడు.

"ఆఫీసోళ్లు వచ్చి చూస్తరు గద సేట్," అంది చంద్రభాగ మెల్లగా.

"చూసేటోడు మనోడే. ఆయనకు కాగితం చాలు. ఇయ్యకుంటే కార్ఖానాకు తాళం పడతది. నీ నాయిన సాంచా గూడ దాంట్లనే ఉన్నది."

పిల్ల తండ్రి వైపు చూసింది. నర్సప్ప మింగలేక కక్కలేక చేటలోని తునికాకులు చూస్తున్నాడు.

"గీయి బిడ్డా," అన్నాడు. ఈసారి ఆమె ముఖం చూడలేదు.

చంద్రభాగ కాగితాన్ని డ్రాయింగ్ పలక మీద పరిచింది. సేటు ఊపిరి పీల్చుకొని చాయ్ అడిగాడు. ముందు గోడ వచ్చింది, ముందు తలుపు వచ్చింది, సాంచాలు వరసగా వచ్చాయి. వెనుక గోడ గీత ఈ కొస నుంచి ఆ కొస దాకా ఎక్కడా ఆగకుండా పోయింది. దాని పక్కన ఇంకో గీత. రెండు గీతల నడుమ ఇటుక గోడకు గుర్తుగా ఏటవాలు గీతలు మొదలయ్యాయి.

"దర్వాజా ఏదీ?"

"మీరు టేపు పట్టున్రి సేట్. గోడల ఉంటే గీస్త."

సేటు చాయ్ గ్లాసు కింద పెట్టాడు. "నర్సప్పా, రేపటి సంది నువ్వు రాకు."

నర్సప్ప లేచాడు. బిడ్డ చేతిలోంచి కాగితం లాక్కుంటాడనుకొని యమునాబాయి అడ్డం రాబోయింది. ఆయన పలక ముందు కూలబడి, చుట్టుకుపోతున్న కాగితం కొసను అరచేత్తో అదిమి పట్టాడు. గోడ ఇంకా సగమే నిండింది.