అంచు కన్ను

నిరుడు ఆగస్టు పదకొండో తేదీ, సోమవారం. మధ్యాహ్నం సంగటి, నెత్తళ్ళ చేపల పులుసు తిన్నాను. పులుసు ముందురోజుది. ఒక్కడికి వండుకున్నా రెండు పూటలకు మిగులుతుంది. రెండో పూటకు రుచి కొంచెం పెరుగుతుంది కూడా. చెయ్యి కడుక్కోకముందే ఫోన్ మోగింది. చిల్లకూరు నుంచి మా వియ్యపురాలు చెంచమ్మ.

“అన్నా, తిన్నావా?”

“ఇప్పుడే వదినా.”

“రేవతికి ఏడో నెల నిండింది. తొలికాన్పు పుట్టింట్లోనే జరగాల, కాదన్ను. కానీ మీ ఇంట్లో ఆడదిక్కు లేదు గదన్నా. ఈడనే చేయిద్దాం. తప్పుగా అనుకోబాక.”

ఆమె మాటలో అబద్ధమేమీ లేదు. రేవతి వాళ్ళమ్మ పోయి ఏడాదిన్నర అయింది. సరే అనబోయాను. ఈ మధ్య దేనికైనా సరే అనడమే సులువుగా ఉంటోంది. కాదంటే ఇంకొంతసేపు మాట్లాడాలి. అంతలో ఫోన్ మా అమ్మాయి చేతికి మారింది.

“నాన్నా, నేను ఆడికే వస్తా. ఈడ లారీల మోతకి నిద్రే పట్టడంలా.” తర్వాత గొంతు తగ్గించింది. “అమ్మ గదిలో పడుకోవాలనుంది నాన్నా.”

చివరికి చెంచమ్మే ఒక మాటకు వచ్చింది. మూడు వారాల తర్వాత రేవతిని వెంటబెట్టుకొని వస్తుంది. రెండు రోజులుండి ఇల్లు చూస్తుంది. కుదురుతుందనిపిస్తే కోడల్ని వదిలి వెళ్తుంది, లేదంటే మళ్ళీ తీసుకెళ్తుంది.

మరుసటి రోజు కోట బజారుకు వెళ్ళాను. రబ్బరు షీటు, ఫినాయిలు, కొత్త బకెట్టు కొన్నాను. ఇక పాత చీరలు కావాలి. పుట్టిన బిడ్డను మొదట చుట్టేది ఉతికి ఉతికి మెత్తబడిన పాత నూలు చీరలోనే. అవి మా ఇంట్లో లేవు. బీరువా తెరిచినప్పుడల్లా కనబడుతున్నాయని మా ఆవిడ చీరలన్నీ ఒకరోజు మూటగట్టి ఇచ్చేశాను. ఇచ్చేటప్పుడు ఈ అవసరం గుర్తుకు రాలేదు.

అక్కడ నాకు తెలిసిన నాగూర్‌బీ కుట్టు మిషన్ల దుకాణంలో గోడకు ఒక చారల దుప్పటి వేలాడుతోంది. రెండు మూరల పొడవు, పసిబిడ్డకు సరిపోయేది. అడిగితే అమ్మకానికి కాదంది.

“మా కూతురు గుల్నాజ్ బిడ్డకి అల్లినా. నీకు కావాలంటే నువ్వే అల్లుకో పెంచలన్నా. వల అల్లే చెయ్యి, ఇదొక లెక్కా?”

ఒక క్రోషియా సూది, తెల్ల నూలు ఉండలు, పసుపు నూలు ఉండలు నా ముందు పెట్టింది. మా నాన్న పేరున్న వల పనివాడు. గూడూరులో బీకాం చదివినా, మత్స్యకారుల సంఘంలో గుమాస్తాగా రిటైరైనా, నా వేళ్ళకు ముందు తెలిసింది ముడే. సూది కొక్కెంతో దారాన్ని లాగి మెలికలోంచి మెలిక తీయడం ఒక గంటలో వచ్చింది.

“నూరు గొలుసు కుట్లు వేసుకో. వాటి మీద ఒక్కొక్క కుట్టు. ఎనిమిది వరుసలకి రంగు మార్చు. అంతే, చంటిపిల్ల కూడా చేస్తది,” అంది నాగూర్‌బీ. నేను దారం లాగే తీరు చూసి నవ్వింది. “అంత బిగించొద్దన్నా, చేపేం తప్పించుకొని పోదులే.”

ఆ మూడు వారాలూ పగలు ఇల్లు పని, సాయంత్రం వసారాలో ఈ పని. స్నానాల గదిలో పాచి గీకాను. మా ఆవిడ గది కిటికీకి దోమల జాలి కొట్టాను. నడుము పట్టేసేది. మంచి జరగలేదని చెప్పను. ఒకరోజు పక్కింటి కృపాదానం అడగకుండానే చేపలు శుభ్రం చేసి గిన్నెలో పెట్టి వెళ్ళాడు. ఇంకోరోజు దారం చిక్కుపడితే ఒక్క లాగుకే విడిపోయింది. అలాంటివి రెండు ఉంటే ఆ పూట గడిచేది.

తెలుపు, పసుపు, తెలుపు, పసుపు, తెలుపు. అయిదు చారలయ్యాయి. దుప్పటి పైకి పోయేకొద్దీ సన్నబడుతున్నట్టు నాకే అనిపించింది. బిగించడం వల్ల అయ్యుంటుంది, ఉతికితే సాగుతుందిలే అనుకున్నాను. విప్పి చూసే ఓపిక లేదు.

చెప్పిన రోజుకే వచ్చారు. రేవతి పాదాలు బాగా వాచి ఉన్నాయి. లోపలికొచ్చి వాళ్ళమ్మ మంచం మీద కూర్చుని, పరుపును రెండు చేతులతో తడిమింది. చెంచమ్మ మాత్రం చెంగు బిగించి ఇల్లంతా తిరిగింది. బాత్రూం నేల మీద నీళ్ళు పోసి ఎటు పారుతున్నాయో చూసింది. మూత తీసి బియ్యం చూసింది. ఆస్పత్రికి ఆటో ఎంతసేపట్లో వస్తుందని అడిగింది. అన్నిటికీ జవాబు ఉంది.

“పాత చీరలు యాడున్నాయన్నా?”

“ఇచ్చేసినా వదినా,” అన్నాను.

ఆమె బీరువా తెరిచి ఖాళీ అర చూసింది. ఏదో ఒకటి చూపించాలని దుప్పటి తెచ్చి మంచం మీద పరిచాను.

చెంచమ్మ తల ఒక పక్కకు వంచి చూసింది. “బిడ్డ పుట్టకముందు కొత్తది సిద్ధం చేయరు, అట్టుంచు. ఇదేందన్నా, ఈ తట్టు ఏనుగుకు, ఆ తట్టు ఎలుకకా?”

రేవతి పొట్ట పట్టుకొని నవ్వింది. “అత్తా, మొసలి తోకమాదిరి లేదూ!” ఆ నవ్వు విని ఎన్నాళ్ళయిందో నాకు గుర్తు లేదు.

కొసన కుట్లు లెక్కపెట్టాను. అరవై. నూరుతో మొదలైంది అరవైకి దిగింది. నలభై వరుసలకు నలభై కుట్లు. అప్పుడు తెలిసింది. వల అల్లేటప్పుడు మా నాన్న ప్రతి వరుసలో చివరి కన్ను, అంటే చివరి గడి, వదిలేయమనేవాడు. అది అంచు తాడు ఎక్కించడానికి, దాన్ని ముట్టుకోకూడదు. దుప్పటికి తాడెక్కడిది? అయినా నా చెయ్యి వరుస వరుసకూ చివరి కుట్టు వదిలేసి వెనక్కి తిరిగింది.

ఆ మాటే చెప్పాను. “తప్పు నాదే వదినా. తాడు కోసం వదిలేసినా.”

“ఇప్పుడేం జేస్తావు?”

“విప్పేస్తా.”

“అంతానా? మూడు వారాల పని.”

“అంతా.”

సూది తీసి కొస లాగాను. వలలో ముడి తప్పయితే కత్తితో కోయడమే, కోసిన దారం ఎందుకూ పనికిరాదు. ఇది వరుస వరుసే సరసరమని జారి వచ్చేసింది. నేల మీద దారం కుప్ప పడుతుంటే చెంచమ్మ కాసేపు నిలబడి చూసింది. తర్వాత కింద కూర్చుని, కొస అందుకొని ఉండ చుట్టడం మొదలుపెట్టింది. నేను విప్పుతుంటే ఆమె చుట్టింది. తెలుపు ఒకటి, పసుపు ఒకటి. నాకు చాలా అలసటగా ఉంది. ఆమెకూ ఉందని మోకాలు ఒత్తుకోవడం చూసి తెలుసుకున్నాను.

“మా ఆయనయితే ఆ తోకనే పట్టుకొని, ఇట్నే ఉండాల అని నాతో నెల రోజులు కొట్లాడుంటాడు,” అంది ఉండ మీంచి చూపు ఎత్తకుండా.

అన్నాలు తిన్నాం. ఎనిమిదిన్నరకు రేవతి వాళ్ళమ్మ మంచం మీద పక్కకు తిరిగి పడుకుంది. సముద్రం మోత తప్ప ఇంకేమీ లేదు. కాసేపటికే నిద్రపోయింది.

చెంచమ్మ రెండు ఉండల్నీ బీరువాలో చీరలుండిన అరలో పెట్టింది.

“బిడ్డ పుట్టిందాకా ఇవి దారంగానే ఉండనీ. పురుడు గడిచినాక మొదలుపెట్టు. చివరి కుట్టు మర్చిపోబాక. నా పాత చీరలు నాలుగున్నాయి, ఎల్లుండి పొయ్యి తెస్తా. తొమ్మిదో నెల పడంగానే నేనూ వస్తా. ఆ గదిలో నాకొక మంచం ఎయ్యి.”

“అంటే, రేవతి…”

“ఆమెను లేపి తీసకపొమ్మంటావా ఇప్పుడు? నిద్ర పట్టింది గదా.”

చాప తీసుకొని గదిలోకి వెళ్ళింది. వసారాలో లైటు ఆర్పి నేను నిలబడే ఉన్నాను. కోడలు మేలుకోకుండా చెంచమ్మ తలుపును రెండు చేతులతో మెల్లగా దగ్గరికి వేసింది.