మెడ కింద అరచెయ్యి

నేను ఒక రబ్బరు బొమ్మను, కానీ పిల్లలు ఆడుకునే యోగం నాకు లేదు. బేగంబజారులో కొన్న రోజే సినిమా స్టూడియోకు చేరాను. నిజమైన పసిపిల్లలు ఏడుస్తారనీ, పాలడుగుతారనీ వాళ్లకు బదులు నన్ను పొత్తిళ్లలో చుట్టేవారు. జమీందారు వారసుణ్ణయ్యాను, రైల్లో వదిలేసిన పిల్లనయ్యాను. షాట్ అయ్యేదాకా "నా బంగారు తండ్రీ" అని ముద్దులు. "కట్" అనగానే కాలు పట్టుకుని వేలాడదీయడం. మనుషుల ప్రేమ అంత ఠక్కున ఆగిపోగలదని అక్కడే తెలుసుకున్నాను.

తర్వాత నటి హైమవతి చేతుల్లో పడ్డాను. వరదలో బిడ్డను పోగొట్టుకున్న తల్లి వేషం ఆమెది. ఆ బిడ్డ నేనే. నా మొహానికి నీలం పొడి పూశారు. గుండెలు బాదుకుని ఏడవాలని దర్శకుడు పరాంకుశంగారు చెప్పారు. ఆమె ఏడవలేదు. నా పాదాలను నోటి దగ్గర పెట్టుకుని వెచ్చగా ఊదింది.

"చలేస్తోందా నాన్నా? ఇదిగో, అయిపోయింది" అంది.

ఎంతసేపు ఊదిందో తెలియదు. దీపాలు, మనుషులు, అరుపులు కలలోలాగా దూరమైపోయి, నా రబ్బరు పాదాలకు నిజంగానే వెచ్చదనం తెలిసింది.

"కట్" అన్నారు. ఎవరూ చప్పట్లు కొట్టలేదు. నన్ను తీసుకోవడానికి వచ్చినవాళ్లకు ఆమె ఇవ్వలేదు. పసిబిడ్డకు మెడ నిలవదు కదా, ఆమె అరచెయ్యి ఇంకా నా మెడ కిందే ఉంది. ఇక ఈమె ఆ తల్లిలోంచి బయటికి రాదేమోనని అందరికీ భయమేసింది. నాకైతే సిగ్గు లేకుండా సంతోషమేసింది.

"బొమ్మని ఇచ్చెయ్యమ్మా" అన్నారు పరాంకుశంగారు మెల్లగా.

"ఇంకో షాట్ ఉందండీ."

"సీన్ అయిపోయింది కదమ్మా."

"శవం వేషం వేసినవాళ్లని ఆఖర్న నవ్వించి తీస్తారు కదండీ, కీడు పోవాలని. నా బిడ్డకి తియ్యరా?"

సినిమావాళ్ల ఆచారం అదే. బొమ్మకు కీడేమిటని ఆయన అనలేదు. కెమెరా నా వైపు తిప్పించారు. ఆమె కొంగుతో నీలం తుడిచి, మేకప్ పెట్టెలోని ఎర్రరంగుతో నా పెదవుల చివర్లు పైకి గీసింది. చక్కిలిగింతలు పెట్టింది. నాకు గొంతు లేదని నా బదులు తనే నవ్వింది. నవ్వుతూ నవ్వుతూ అప్పుడు ఏడ్చింది, బిగ్గరగా. తర్వాత మెడ కింద చెయ్యి తియ్యకుండానే నన్ను పరాంకుశంగారికి అందించింది. ఆయన కూడా అలాగే పట్టుకున్నారు.

ఆ షాట్ సినిమాలో లేదు. ఊరూరా జనం నా చావే చూసి ఏడ్చారట. ఇప్పుడు స్టూడియో సామాన్ల గదిలో అట్ట కిరీటాల పక్కన పడుకుని ఉన్నాను. మొన్న ఇద్దరు వచ్చారు, చనిపోయిన బిడ్డ వేషానికి బొమ్మ కావాలని. ఒకడు నన్ను కాలు పట్టుకుని పైకెత్తి చూశాడు.

"ఇది పనికిరాదురా, నవ్వుతోంది" అని మళ్లీ పెట్టేశాడు.