నాఖుదా ఇంటి గుమ్మం పలక

గోను తుఫాను అరబ్బు తీరంలోని ఖురియాత్‌ను ముంచెత్తి ఏడాది దాటినా కూలిన ఇళ్ళు కొన్ని అలాగే ఉండిపోయాయి. వాటిలో ఒకదాన్ని తీసేసే పని పెద్దులు కూలిపని చేసే కంపెనీకి వచ్చింది. సముద్రం వైపున్న పాత మట్టిల్లు. గుమ్మం మీద మాత్రం నల్లటి టేకు పలక, దాని నిండా తాడు అల్లినట్టు నగిషీ. అదెంత కిందికి ఉండేదంటే లోపలికి పోవాలంటే ఎవరైనా తల వంచాల్సిందే.

ఆ మధ్యాహ్నం వంట మధ్యలో గ్యాసు అయిపోయింది. పొయ్యిలో కట్టెల కోసం పెద్దులు ఆ పలకను ఊడబెరికాడు. నగిషీ చూసి ఒక్క క్షణం చెయ్యి ఆగింది. జగిత్యాలలో వాళ్ళ నాయన వడ్రంగి. అది ఎంత ఓపికతో చేసిన పనో అతనికి తెలుసు. అయినా ఆకలి మీదున్నాడు. గొడ్డలి ఎత్తాడు.

అన్నం ఉడుకుతుండగా ఇంటి యజమాని ఖల్ఫాన్ వచ్చాడు. తుఫాను నాటి నుంచి బౌషర్‌లో కూతురి దగ్గరే ఉంటున్న ముసలాయన. ఒకప్పుడు బొంబాయితో వ్యాపారం చేసినవాడు కాబట్టి హిందీ బాగా వచ్చు. ఇల్లు పడగొట్టుకోండి, గుమ్మం మీది పలక ఒక్కటీ నాకివ్వండి అన్నాడు.

మేస్త్రీ జిలాని తడుముకోకుండా అది తుఫానులోనే కొట్టుకుపోయిందని చెప్పాడు. ఆయనది కడప. పెద్దులు వైపు తిరిగి తెలుగులో, "నువ్వు గమ్మునుండుప్పా" అన్నాడు.

ఖల్ఫాన్ నమ్మాడు. కూలిన గోడ మీద కూర్చుని ఆ పలక కథ చెప్పాడు. ఆయన ముత్తాత సుహైల్ నాఖుదా, అంటే ఓడ కెప్టెన్. నూట యాభై ఏళ్ళ కిందట ఖర్జూరం వేసుకుని మలబారు వెళ్ళి, బియ్యం, టేకు తెచ్చేవాడు. ఒకసారి తిరిగొస్తుంటే గాలి లేచింది. తెల్లారేదాకా బయటే ఆగుదామని ఓడ పనివాళ్ళ పెద్ద సరంగు చెప్పినా వినలేదు. ఊరి దీపాలు కనిపిస్తున్నాయి కదా అని ఓడను లోపలికి తిప్పాడు. ఓడ బండకు కొట్టుకుంది. చాలామంది పోయారు, వాళ్ళలో సొంత తమ్ముడూ ఉన్నాడు.

ఊరంతా గాలిని తిట్టింది. సుహైల్ మాత్రం పోయినవాళ్ళ గడప గడపకూ వెళ్ళి తప్పు తనదేనని చెప్పాడు. మళ్ళీ ఓడెక్కలేదు. కొన్నాళ్ళకు ఆయన్ని రేవు అధికారిగా పెట్టారు. గాలి లేచినప్పుడల్లా చిన్న పడవలో తానే ఎదురు వెళ్ళి ఓడల్ని బయటే ఆపేవాడు. విరిగిన ఓడ పలకనే గుమ్మానికి బిగించి, చనిపోయేదాకా దాని కింద తల వంచుకుని తిరిగాడు.

పెద్దులుకు మొహం ఎక్కడ దాచుకోవాలో తెలియలేదు. లేచి, పొయ్యిలోంచి సగం కాలిన ముక్క లాగి, నీళ్ళు చల్లి ముసలాయన ముందు పెట్టి, వచ్చీరాని హిందీలో చెప్పాడు.

"తుఫాన్ల పోలే సాబ్. నేనే కొట్టిన. మంచి పనితనమని తెల్సే కొట్టిన."

ఖల్ఫాన్ తిట్టలేదు. పర్వాలేదని కూడా అనలేదు. మసి కింద మిగిలిన నగిషీని బొటనవేలితో తుడిచి, "ఇంకేమైనా మిగిలిందా?" అని అడిగాడు.

పెద్దులు మోకాళ్ళ మీద కూలబడి, వేడి బూడిదలో చేతులు పెట్టి దొరికిన ముక్కలన్నీ ఏరాడు. ముసలాయన వాటిని తలగుడ్డలో మూటగట్టుకుని, ఎవరి వైపూ చూడకుండా కారెక్కాడు.

నిజం చెప్పేస్తే గుండె తేలికవుతుందనుకున్నాడు పెద్దులు. కాలేదు. జిలాని అన్నం పెట్టి పిలిస్తే, మసి చేతులు చూపించడానికి సిగ్గుపడి గోడ వైపు తిరిగి కూర్చున్నాడు.