నడుము మీది నాలుగు సొట్టలు

నేను ఒక ఇత్తడి బిందెను. నిండుకుండ తొణకదంటారు. నాలో ఇప్పుడు నీళ్ళు నిలవవు కనుక కాస్త వాగుతాను, ఓపిక పట్టండి.

శ్రీకాకుళం జిల్లా బుడితిలో కంచరి సుత్తిదెబ్బలు తిని పుట్టాను. సన్నెమ్మ పెళ్ళికి వాళ్ళమ్మ నన్ను సారెలో పెట్టింది. ఏడాది తిరక్కుండానే ఆమె మొగుడికి అండమాన్‌లో పడవలు బాగుచేసే పని దొరికింది. విశాఖపట్నంలో ఓడెక్కినప్పుడు సామానంతా అడుగున వేశారు గానీ, నన్ను మాత్రం సన్నెమ్మ పోర్ట్‌బ్లెయిర్ దాకా ఒళ్ళోంచి దింపలేదు. తర్వాత అమ్మ పోయింది, మొగుడూ పోయాడు. నేను మిగిలాను. నలభై ఏళ్ళుగా కార్తీక పున్నమి నాడు పారే నీళ్ళల్లో నన్ను ముంచి, మూడుసార్లు నెత్తిన కుమ్మరించుకుని, అరటి దొప్పలో దీపం వదలడం ఆమెకు ఒక్కసారీ తప్పలేదు.

అందుకే పోయినేడు కొడుకు దానేసు, "అమా, పున్నమికి సెలవలిచ్చారు, బీచిలో గుడారమేసి రెండ్రోజులుందాం" అన్నప్పుడు ఆమె ఒకే ఒక్క మాట అడిగింది.

"అక్కడ పారే నీళ్ళున్నాయేట్రా?"

ఉన్నాయి. మడచెట్ల మధ్యగా వచ్చి సముద్రంలో కలిసే పాయ ఒకటుంది. కోడలు రోహిణి ప్లాస్టిక్ బకెట్ చాలంది. బకెట్టుతో పుణ్యం రాదని సన్నెమ్మ నన్ను జీపెక్కించింది.

ఆ తీరం మనుషులది కాదని దిగగానే నాకర్థమైంది. శంఖాలు వీపున మోసుకుని పీతలు గుడారంలోకే వచ్చాయి. చుక్కల దుప్పులు మా అరటిపళ్ళ గెల వైపు చూస్తూ నిలబడ్డాయి. ఒక ఉడుము వంటపొయ్యి చుట్టూ ప్రదక్షిణం చేసి పోయింది. తొమ్మిదేళ్ళ మనవరాలు చందన అన్నిటికీ పేర్లు పెట్టింది. దేనికైనా పేరు పెట్టగానే మనుషులకు భయం పోతుంది, అదేం చిత్రమో!

సాయంత్రం తడిబట్టలు ఆరేయడానికి దానేసు దండెం కట్టాడు. ఒక కొస చెట్టుకు, రెండో కొస పాయ ఒడ్డున ఉన్న బోర్డుకు. ఫారెస్టు వాళ్ళ బోర్డుల మీద చెత్త వేయొద్దనే కదా ఉంటుందని దాన్ని చదవనే లేదు. సన్నెమ్మ చీర సరిగ్గా దాని మీద పడింది. కింద ఆనించి ఉన్న నాకు చీర చాటున బొమ్మ కనిపించింది. తెరిచిన నోరు, రెండు వరసల పళ్ళు. నా నోరు ఎంత పెద్దదైతేనేం, ఎవరైనా కొడితే తప్ప పలకదు.

తెలతెలవారుతుండగా సన్నెమ్మ నన్ను చంకనెత్తుకుని పాయలోకి దిగింది. మోకాలి లోతు. పక్కనే చందన, చేతిలో దీపమున్న దొప్ప. రెండుసార్లు నన్ను ముంచి కుమ్మరించుకుంది. అప్పటిదాకా చెవులు చిల్లులు పడేలా అరుస్తున్న పక్షులు ఉన్నట్టుండి మానేశాయి. బురదలో గెంతే చేపలు గట్టెక్కేశాయి. అన్నిటికీ తెలిసింది. వీళ్ళిద్దరికే తెలియలేదు.

చందన దీపం వదిలింది. అది ప్రవాహంలో సాగి, ఒక దుంగ దగ్గర ఆగింది.

"నానమ్మా, ఆ దుంగ ఇటు వస్తోంది!"

"అలలకొత్తాదిలేయే గుంటా, దండమెట్టుకో."

అప్పుడే అత్తకు పొడిచీర తెద్దామని రోహిణి దండెం దగ్గరికొచ్చింది. చీర లాగింది. బొమ్మ చూసింది.

"అత్తా! మొసలి! బయటికి రండత్తా!"

ఆ కేక వింటూనే సన్నెమ్మ ఎడమచేత్తో చందనను గట్టువైపు నెట్టింది. కుడిచేతిలో, నీళ్ళలో సగం మునిగి నేను. నీళ్ళు పగిలినట్టయింది. దవడలు నా నడుము మీద మూసుకున్నాయి. కంచరి సుత్తి కూడా నన్నంత నొప్పించలేదు.

ఇక వదిలేసి పరుగెత్తాలి కదా? వదల్లేదు! నా మెడ రెండు చేతులా పట్టుకుంది. ఉడుంపట్టు. అటు మొసలి గుంజుతోంది, ఇటు ఆమె. ఒక్కొక్క అడుగే లోతుకు జారుతోంది. మోకాళ్ళు, తొడలు, నడుము.

"వదిలెయ్యే అమా! ఇత్తడి బిందేనే అది!" గట్టు మీదినుంచి దానేసు పరుగెత్తుకొస్తూ అరుస్తున్నాడు.

"మాయమ్మిచ్చిందిరా!"

నాకేడుపొచ్చింది. వదిలెయ్ తల్లీ, నాలాంటివి బుడితిలో వేలున్నాయి అని చెప్పాలనుంది. చెప్పలేను.

అప్పుడు వెనక నీళ్ళ చప్పుడైంది. దానేసు ఇంకా పది అడుగుల దూరంలో ఉన్నాడు. వచ్చింది చందన. నానమ్మ కొంగు పట్టి లాగడానికి మళ్ళీ నీళ్ళలోకి దిగేసింది.

సన్నెమ్మ తల తిప్పి చూసింది. నా మెడ మీద ఆమె వేళ్ళు విడిపోయాయి.

నేను మునిగిపోతూ చూసిందిదే: సన్నెమ్మ పిల్లను రెండు చేతులా ఎత్తుకుని గట్టు మీద పడింది. మొసలి నన్ను కాసేపు నమిలి, రుచి లేదని ఉమ్మేసింది. మధ్యాహ్నం ఆటుకు నీళ్ళు తగ్గాక ఫారెస్టు వాళ్ళు పడవలో వచ్చి కొక్కెంతో నన్ను లాగారు. నడుము మీద నాలుగు సొట్టలు, ఒకదానికి చిల్లు.

చిల్లుకు మాటు వేయిస్తానని దానేసు అంటే సన్నెమ్మ వద్దంది. ఇప్పుడు పోర్ట్‌బ్లెయిర్ ఇంటి ముందుగదిలో స్టూలు మీద ఉంటున్నాను. ఈ ఏడు కార్తీక పున్నమికి ఆమె పెరట్లో ప్లాస్టిక్ బకెట్టుతో పోసుకుంది. పుణ్యం సంగతి ఎవరూ అడగలేదు.

వచ్చినవాళ్ళందరికీ కథ చెబుతుంది. "మొసలి నోట్లో బిందె కుక్కేసినానమ్మా! మాయమ్మిచ్చిన బిందే నన్ను కాపాడింది" అంటుంది. అందరూ నాకు దండం పెడతారు. నేను కాపాడటమేమిటి! నా కోసం ఆమె నడుములోతు దాకా మునిగింది. చందన కోసం నన్ను వదిలింది. ఆ వేళ్ళు ఎప్పుడు విడిపోయాయో మా ఇద్దరికే తెలుసు. అందుకేనేమో, కథ చెబుతున్నంతసేపూ సన్నెమ్మ నా వైపు చూడదు. అందరూ వెళ్ళిపోయాక మాత్రం వచ్చి, కొంగుతో నా మెడ తుడుస్తుంది.