వన్‌వేలో ఎదురొచ్చిన ఇల్లు

పొద్దున్నే మూడిళ్ళల్లో పొయ్యిలు వెలిగించడం ఆవిడ పని.

కొండమీది దుంగల ఇళ్ళవి. ఎవరో ఎప్పుడో అడవి నరికి, ఆ చెట్లతోనే గోడలు పేర్చుకుని, పిల్లల్ని కని పెంచి, చివరికి తలుపు దగ్గరగా వేసి దిగిపోయారు. ఇప్పుడు వాటిని చూడ్డానికి జనం వస్తారు. దుంగకి పొగ తగలకపోతే చెద పడుతుంది, అందుకని రోజూ కాసేపు మంట పెట్టాలి. గుప్పెడు ఎండుపుల్లలు, పైన ఒక పచ్చి కొమ్మ. పొగ గోడలంతా పాకి కప్పు సందుల్లోంచి బయటపడ్డాక నిప్పు ఆర్పి, బూడిద ఎత్తి, గడప తుడిచి, పక్కింటికి.

ఉన్నవి నాలుగిళ్ళు. నాలుగోదానికి ఆవిడ వెళ్ళదు.

అది జలపాతం మలుపు దాటాక, బాగా పైన ఉండేది. కొండరోడ్డు వన్‌వే. పైకెక్కి, చుట్టు తిరిగి, అవతలి వైపు దిగి గేటు దగ్గరికి రావాల్సిందే. మధ్యలో వెనక్కి తిప్పడానికి లేదు. ఆవిడ భర్త ఆ రోడ్డు మీద జీపు నడిపేవాడు. ఆవిణ్ణి నాలుగో ఇంటి దగ్గర దింపి, ఒక చుట్టు కొట్టి వచ్చేవాడు. ఆలోపు ఆవిడ పని అయిపోయేది. రెండేళ్ళ కిందట ఒక పొద్దున ఆవిడ పొయ్యి వెలిగించి గుమ్మంలో నిలబడింది. మంచు కమ్మింది. జీపు చప్పుడు మలుపు దాకా వినిపించింది. ఆ తర్వాత జలపాతం చప్పుడే.

అప్పట్నించీ నాలుగో ఇంటి మాట ఎవరెత్తినా "మోకాళ్ళు" అనేది. ఆ మోకాళ్ళే మూడిళ్ళూ తిరిగొచ్చేవి. ఎవరూ గుచ్చి గుచ్చి అడగలేదు.

పొగ లేక ఒక వానాకాలమంతా ఓపిక పట్టి, ఆ ఇల్లు కదిలింది.

రోజుకి జానెడు. పునాది రాళ్ళతో సహా. చూరు కింద పిట్టగూడు చెదరలేదు, కిటికీ రెక్క ఊగలేదు. వెనకాల గడ్డి మాత్రం దువ్వినట్టు ఒక పక్కకి పడుకునేది. కొండమీద బోర్డులు పాతే అతను "నాలుగో ఇల్లు" అన్న బోర్డు రోజూ పీకి, ఇల్లున్న చోట మళ్ళీ పాతేవాడు. ఆవిడ భర్తకి వరసకి తమ్ముడతను.

"వదినా, మీ ఇల్లు ఇవాళ బోడిబండ దాటింది," అని పొద్దున్నే గేటు దగ్గర చెప్పేవాడు. "వన్‌వేలో ఎదురొస్తోంది. ఎవరికి రాయను చలానా?"

"నాదేంటి? ప్రభుత్వానిది."

"ప్రభుత్వం మనిషిని పంపి విడిగా కుంపటి పెట్టిస్తే పొగంతా అతని కళ్ళల్లోకే కొట్టింది కదా. నేనూ చూశాను, దగ్గి చచ్చాను. నీ చేతి పొగకి అలవాటు పడ్డ ప్రాణం అది."

ఆవిడ పుల్లలు విరుచుకునేది. లోపల మాత్రం, రానీ, గేటు దాకా రానీ అనుకునేది. అదే దిగొస్తే తను ఎక్కక్కర్లేదు.

ఇంతలో కూతురికి, చూడవచ్చిన జనాన్ని కొండమీద తిప్పే వ్యాను నడిపే ఉద్యోగం వచ్చింది. వచ్చినట్టే వచ్చి గుమ్మంలో ఆగింది. కొత్త డ్రైవరు మొదటి చుట్టు తిరిగేటప్పుడు పక్క సీట్లో ఇంటి మనిషి ఒకరు కూర్చోవాలని ఆ రోడ్డు మీద పాత కట్టుబాటు. ఎవరి దగ్గరికి తిరిగి రావాలో కళ్ళెదురుగా ఉంటే కాలు బ్రేకు మరిచిపోదంటారు. ఆ పిల్లకి ఇంటి మనిషంటే తల్లి ఒక్కతే.

"రేపు నువ్వెక్కకపోతే బండి ఇంకొకరికి ఇచ్చేస్తారమ్మా," అంది కూతురు, వంటింటి గడప మీద కూర్చుని బూట్లు తుడుచుకుంటూ.

"ఇచ్చుకోనీ."

"నాకు ఇంకో పని రాదు."

"నేర్చుకో."

"నాన్న నేర్పింది ఇదొక్కటే."

తల్లి గిన్నె తోమడం ఆపింది. మళ్ళీ తోమింది. తోమిన గిన్నెనే.

"ఇల్లు దిగొస్తోందిగా. గేటు దాకా రానీ. అప్పుడు చూద్దాం."

"జానెడు జానెడు అది వచ్చేసరికి నా పళ్ళూడతాయి. అప్పుడు నాకు స్టీరింగ్ కాదు, చేతికర్ర ఇవ్వాలి."

తల్లికి నవ్వొచ్చింది కానీ, పెదాల దాకా రాలేదు.

పొద్దున కూతురు వ్యాను అద్దం తుడుస్తుంటే పక్క తలుపు తెరుచుకుంది. తల్లి ఎక్కి కూర్చుంది. ఒళ్ళో పుల్లల సంచీ. ఎందుకు తెచ్చిందో ఆవిడకే తెలీదు. చేతికి అలవాటు, అంతే.

"బెల్టు పెట్టుకోమ్మా."

పెట్టుకుంది.

వెనక సీట్లో ఒక ముసలి జంట, మెళ్ళో దుర్భిణీ వేసుకున్న ఒక టీచరమ్మ ఉన్నారు. వ్యాను ఎక్కసాగింది. రెండేళ్ళుగా ఆవిడ కొండని కింద నించే చూసింది. అది ఇంత ఎత్తని మరిచిపోయింది. రాళ్ళ మధ్య నించి సన్నటి ధారలు జడపాయల్లా జారుతున్నాయి. ఒక ధార రోడ్డు మీదికే దూకి, వ్యాను పైకప్పుని తట్టి అవతలికి పోయింది. లోయలో దుప్పుల మంద తలలెత్తి చూసింది, అన్నీ ఒక్కసారే. ముసలాయన ఏదో అనబోతే భార్య ఆయన చెయ్యి నొక్కింది.

మొదటి ఇల్లు, రెండోది, మూడోది దాటాయి. తన చేతి పొగ వాసన కిటికీలోంచి వచ్చి ఆవిణ్ణి పలకరించింది.

ఆ పైన ఒక ఎలుగుబంటి రోడ్డుకడ్డంగా కూర్చుని ఉంది. కూతురు ఇంజను ఆపేసింది. ఆ రోడ్డు మీద జంతువుదే ముందు దారి. ఎలుగుబంటి తాపీగా లేచింది. దాని వెనకాల ఒక పిల్ల, నల్లటి దూదిబంతి, దొర్లుకుంటూ పోయింది. తల్లి ఎలుగు అవతలి గట్టు మీద ఆగి, పిల్ల ఎక్కేదాకా చూసి, అప్పుడు అడవిలోకి తిరిగింది.

"పిల్లకి నడక వచ్చినా చూసుకుంటుందే," అంది టీచరమ్మ మెల్లగా.

ఆవిడ సంచీని గట్టిగా పట్టుకుంది.

మలుపు దగ్గరికి వచ్చేసరికి జలపాతం కనపడలేదు. వినపడింది. నీళ్ళ తుంపర మంచులో కలిసి, పాలు ఒలికినట్టు రోడ్డు తెల్లబడింది. కూతురి వేళ్ళు స్టీరింగ్ మీద బిగిశాయి.

"అమ్మా, అంచెక్కడో తెలీట్లేదు."

"ఆపు."

"ఆపాను."

లైట్ల వెలుగు తెల్లదనంలోకి పోయి పోయి, దేన్నో తాకింది. నల్లటి దుంగలు. ఒకదాని మీద ఒకటి. చూరు. చూరు కింద పిట్టగూడు.

నిన్న సాయంత్రం బోడిబండకి కాస్త కింద ఉన్న ఇల్లు, ఒక్క రాత్రిలో అంత దూరమూ దిగొచ్చి మలుపు అంచున నిలబడి ఉంది. వీపు లోయకి, గుమ్మం రోడ్డుకి. జీపు లోయలోకి పడిపోయినప్పుడు గట్టు విరిగి రెండేళ్ళుగా ఉన్న ఖాళీలో, కొలిచి కట్టినట్టు.

"ఇదేనా నడిచే ఇల్లు?" అంది ముసలావిడ. "మంచి చోటే చూసుకుంది."

తల్లి బెల్టు తీసింది. ఇన్నాళ్ళూ ఆ ఇల్లు తన దగ్గరికి వస్తోందనుకుంది. కాదు. దాని ప్రయాణం ఇక్కడి దాకానే. మిగతా దారి తను రావాల్సింది.

ఆ మోకాళ్ళే నడిచాయి. తలుపు తోస్తే తెరుచుకుంది. అగ్గిపెట్టె గూట్లో పెట్టినచోటే ఉంది. పొయ్యిలో ఆనాటి బూడిద, ఎత్తకుండా వదిలేసింది, అలాగే ఉంది. ఆవిడ దాన్ని రెండు చేతులతో ఎత్తింది. కాసేపు పట్టుకుని కూర్చుంది. తర్వాత పుల్లలు పేర్చి వెలిగించింది.

పొగ ముందు ఆవిడ చుట్టూ తిరిగింది. తర్వాత గోడలెక్కింది. కప్పు సందుల్లోంచి లేచి మంచులోకి పోతుంటే, పోయినంత మేరా మంచు పక్కకి తొలిగింది. రోడ్డు కనపడింది. ఆ వెనక జలపాతం, ఆకాశం తలుపు తీసి పారబోసినట్టు, తల నించి పాదం దాకా ఒక్కసారిగా కనపడింది. వ్యానులో ఎవరూ ఫొటో తియ్యలేదు. టీచరమ్మ దుర్భిణీ మెళ్ళోనే ఉండిపోయింది.

పైనుంచి బోర్డతను ఒగరుస్తూ దిగొచ్చాడు, భుజాన బోర్డుతో.

"పొద్దున్నించీ కొండంతా వెతుకుతున్నా వదినా! ఎక్కడ పాతమంటావు దీన్ని?"

"ఇక్కడే," అంది గుమ్మంలోంచి. "సిమెంటు పోసి పాతు."

ఆవిడ వ్యానెక్కింది. ఆ చుట్టు పూర్తయింది, కూతురికి బండి దక్కింది.

మర్నాడు కూతురు తల్లిని మలుపు దగ్గర దింపింది.

"చుట్టు తిరిగొస్తా," అంది.

తల్లి తలూపింది. పొయ్యి వెలిగించి గుమ్మంలో నిలబడింది. ఇంజను చప్పుడు పైకెక్కి ఎక్కి పోయింది. చాలాసేపు జలపాతమే వినపడింది. ఆవిడ గుమ్మం దుంగని పట్టుకుని ఉంది. దుంగ వెచ్చగా ఉంది.

తర్వాత కింద నించి, సన్నగా, ఇంజను. దగ్గరైంది. మలుపు దాకా వచ్చింది. వ్యాను ముక్కు మలుపులోంచి బయటికొచ్చి, గుమ్మం ముందు ఆగింది.

"రామ్మా, జనం కూర్చునున్నారు!"

"ఉండవే," అంది ఆవిడ, లోపలికి తిరిగి. "ఇంకా బూడిద ఎత్తలేదు."