ఉగ్రాణం తలుపు

ఆ ఆసుపత్రి వంటశాలలో తెల్లవారగానే మొదటి పని ఉగ్రాణం తెరవడం. ఉగ్రాణమంటే వంట సరుకులు దాచే గది. నిఘంటువు అంతటితో ఊరుకుంటుంది. వాడుకలో ఆ మాటకి ఇంకాస్త బరువుంది. విరిగిన కుర్చీలు పడేసే కొట్టుగదినీ, బస్తాలు పేర్చే గోదామునీ ఎవరూ ఉగ్రాణమనరు. రేపు ఎవరో తినబోయేది ఉన్న గదినే అంటారు. ఇప్పుడు అన్నిటినీ స్టోరనేస్తున్నారు. సరే, ఆ గొడవ అలా ఉంచుదాం.

ఆ తలుపుకి తాళం లేదు. స్టోర్‌కీపరు ఎదురుగా నిలబడి "ఉగ్రాణమా" అని పిలిస్తే తెరుచుకునేది. ఇంకెవరు పిలిచినా పలికేది కాదు. కొన్ని ఆవులు ఒకరి చేతికే పాలిస్తాయి కదా, ఇదీ అంతేననుకున్నారు అందరూ.

అందుకే ఆయనకి విశ్రాంతి లేకపోయింది. మోకాళ్లు అరిగిపోయాయి. వెళ్లిపోతానన్నప్పుడల్లా మేనేజరు, "రోగులకి గాలి వడ్డించమంటారా?" అనేవాడు. వంటామెకీ ఓపిక అయిపోయింది. నెలాఖరుకి మానేస్తానని ముందే చెప్పేసింది.

ఒక పొద్దున ఆయన తలుపు ముందు ఆవలిస్తూ, "స్టోరూ, తెరుచుకో" అన్నాడు. ఆఫీసువాళ్లతో మాట్లాడీ మాట్లాడీ నోటికి అదే వచ్చింది. తలుపు కదల్లేదు. నాలుక కరుచుకుని అసలు పేరుతో పిలిచాడు, బతిమాలాడు. ఊహూఁ.

"ఏం బాబాయ్, అలిగిందా?" అంది వంటామె.

"మీ పిన్ని కూడా ఇంత గట్టిగా అలగలేదమ్మా."

"ఎసరు సగానికి మరిగిపోయింది. పిల్లల వార్డులో ఏడుపులు మొదలయ్యాయి."

మేనేజరు వచ్చి పిలిచి చూశాడు. గునపం తెప్పిస్తే గునపమే వంగింది. వంటామె నడుం పట్టుకుని గడప మీద చతికిలబడి, తలుపుకి వీపు ఆనించింది.

"ఉగ్రాణమా, నిలబడలేకపోతున్నానే తల్లీ. కాసిని బియ్యమియ్యి, ఈ పూటకి గట్టెక్కుతాను."

తలుపు తెరుచుకుంది. ఆవిడ వెనక్కి పడబోయి నిలదొక్కుకుంది.

మేనేజరు ఆవిడ వంక ఒకసారి చూసి, స్టోర్‌కీపరు వైపు తిరిగాడు. "ఇక మీరు వెళ్లొచ్చండీ."

"మరి నా నెలాఖరు?" అంది వంటామె.

"నెలాఖర్లకేమమ్మా, బోలెడొస్తాయి."

స్టోర్‌కీపరు చెప్పులు తొడుక్కున్నాడు. రెండడుగులు వేసి ఆగాడు. "రేపు కూడా వస్తాలేమ్మా, సాయంగా ఉంటాను."

ఆవిడ అప్పటికే లోపల బియ్యం చేటలోకి తీస్తోంది.

"వద్దు బాబాయ్. మనలో ఒకరన్నా ఇంటికి పోవాలి."