పసుపు గీత ఇవతల

గుప్పెడు ఉప్పు వేసి, బిందెడు నీళ్లు పోసి, ఎర్తు గుంతలో తడి పైకి తేలేదాకా లక్ష్మీరాజం అక్కడి నుంచి కదలలేదు. కరీంనగర్ ఎండలకు ఆ మన్ను గనక ఎండిపోయిందా, లోపల బల్లలకు కట్టిన రాగితీగలన్నీ ఉత్త అలంకారమే. ఒంటిమీది బట్టల రాపిడికి పుట్టిన కరెంటు భూమిలోకి దిగకపోతే చేతిలోని ఎలక్ట్రానిక్ బోర్డు మీద పడుతుంది. చప్పుడుండదు, పొగ రాదు. బాగానే ఉన్నట్టు కనిపించిన ఆ బోర్డు ఎక్కడో ఓ నేతగాని సాంచా మీద, మరమగ్గం నడుస్తుండగా, నడిమధ్యన చచ్చి ఊరుకుంటుంది.

సాంచా ఆగితే ఎట్లా ఉంటుందో అతనికి ఒకరు చెప్పనక్కర్లేదు. వయసంతా పాలిస్టర్ నేసినవాడే. నేసిన బట్ట మీద చెయ్యి పెడితే ముంజేతి వెంట్రుకలు నిక్కబొడుచుకునేవి, చూసి నవ్వుకునేవాడు. ఓసారి సాంచా బోర్డు పోయి, అది బాగై వచ్చేదాకా పని లేక, ఇంట్లో భార్య దేవవ్వ మొహం చూడలేకపోయాడు. తర్వాత సాంచాలకు బోర్డులు చేసే ఈ చిన్న కార్ఖానాలో చేరాడు. అవి ఎందుకు పోతాయో తెలిసిననాడు ఆ నవ్వు మానేశాడు.

పొట్టి మనిషి, వంగిన వీపు, బొంగురు గొంతు. బోర్డులు చేసే గది గడప దగ్గరి పసుపు గీత మాత్రం అతని రాజ్యం. అది దాటాలంటే ఒంటిమీద నూలు బట్ట, మణికట్టుకు ఎర్తుకు కలిపే తీగ పట్టీ ఉండాల్సిందే. సేటునైనా వదిలేవాడు కాదు. అక్కడ పనిచేసే ఆడపిల్లలు వెనక 'గీత తాత' అని నవ్వుకునేవారు. నవ్వుకోనీ అనుకునేవాడు. ఇప్పుడు మోకాళ్లు మొండికేశాయి, ఇవాళే ఆఖరు. అతని బెంగ ఒక్కటే. రేపటి నుంచి ఈ గీతను ఎవరు ఖాతరు చేస్తారు?

బువ్వలు తిన్నాక పిల్లలంతా కలిసి అతని చేతిలో ఓ పొట్లం పెట్టారు. నిగనిగలాడే నీలి చొక్కా.

"తొడుక్కో తాతా, జర సూస్తం."

మురిసిపోయాడు పాపం. తన నూలు చొక్కా విప్పి గీత పక్కనున్న మేకుకు తగిలించి, కొత్తది తొడిగాడు. సాయంత్రం బోర్డులు డబ్బాల్లో సర్దేవేళ, అలవాటుకొద్దీ చూసివద్దామని లోపలికి అడుగేశాడు. ఆ పిల్లల్లో ఒకతైన మమతారాణి చెయ్యి అడ్డం పెట్టింది.

"ఆగు తాతా."

"ఏమైందే?"

"గా అంగి పాలిస్టర్‌ది."

లక్ష్మీరాజం ముంజేతిని చూసుకున్నాడు. వెంట్రుకలు లేచి ఉన్నాయి. వయసంతా నేసిన బట్టను, సంతోషంలో పడి, ఒంటిమీద వేసుకుని కూడా పోల్చుకోలేదు.

"ఇయ్యాల్టికి పోనియ్యవా?" అని అడిగాడు, కావాలనే.

"పోనియ్య. అంగి కొనుక్కొచ్చింది నేనే. అయినా పోనియ్య."

సేటు సన్మానం చేసినా అంత గర్వపడేవాడు కాదు. ఆఖరి డబ్బా మూత పడేదాకా గీతకు ఇవతలే, వీపు నిటారుగా పెట్టి నిలబడ్డాడు.

వెళ్లేటప్పుడు మమతారాణి మేకు మీది చొక్కా తీయబోయింది.

"ఈడనే ఉండనియ్యి. ఎవలన్న నా లెక్క మరిచి వస్తే తొడుక్కుంటరు" అని, నీలి చొక్కాతోనే మెల్లగా గేటు దాటాడు.

మర్నాడు పొద్దున మమతారాణి ఎర్తు గుంతలో ఉప్పు వేసి, నీళ్లు పోసి వచ్చింది. గీత పక్కన మేకుకు, మోచేతుల దగ్గర పలచబడిన నూలు చొక్కా, జేబులో చుట్టిపెట్టిన తీగ పట్టీతో వేలాడుతోంది.